లెక్క సరే, తూకం తప్పింది

"కాలు కావాలా, బీడీ కావాలా? రెండూ మిగల్చడం నా చేతిలో లేదు తాతా," అంది డాక్టరమ్మ.

నా ఎడమ కాలి బొటనవేలు కొస అప్పటికే నేరేడుపండు రంగుకు తిరిగింది. బీడీ పొగకు కాలిలో నెత్తురు పారే దారులు మూసుకుపోతున్నాయట. ఇంకొక్క బీడీ ముట్టినా ముందు వేలు పోతుంది, తరువాత పాదం, ఆ తరువాత మోకాలి దాకా. కండక్టరు ఊళ్ల పేర్లు చెప్పినట్టు చెప్పింది. నిజామాబాద్ నుంచి బోధన్‌కు తిరిగి వచ్చే బస్సులో దారి పొడుగునా ఆ మూడు ఊళ్లే నా చెవిలో మోగాయి. ఎడపల్లి దాటాక జేబులో ఉన్న బీడీ కట్టను కిటికీలోంచి వరి మడిలోకి విసిరేశాను. పన్నెండో ఏట పట్టిన బీడీ అది. నాకిప్పుడు డెబ్బై రెండు.

ఇంటికి వచ్చి తలుపు నెట్టాను. నడింట్లో నా భార్య కూర్చుని ఉంది. ఒళ్లో చాట. చాటలో తంబాకు కుప్ప.

మా వాడలో బీడీలు చేయని ఇల్లు వెతకాలంటే కష్టం. ఆమె కాపురానికి వచ్చిన ఏడాదే చాట ఒళ్లో పెట్టుకుంది. తునికాకు తడిపి, కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడిచి, ఇరవై అయిదింటిని ఒక కట్టగా కడుతుంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చెరుకు బండ్లు రావడం ఆగిపోయినప్పుడు, ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసింది ఆ చాటే. పిల్లల చదువులు, పెళ్లిళ్లు అన్నీ ఆ చాటలోంచే వచ్చాయి. అందుకని దాన్ని దించమని అడిగే ముఖం నాకు లేదు. మా గోడలకు సున్నం కింద తంబాకు వాసన ఉంటుంది. దుప్పట్లో ఉంటుంది. అన్నం వడ్డించే ఆమె వేళ్లలో ఉంటుంది. సారా మానినవాణ్ని సారా బట్టీ దగ్గర కాపలా పెట్టినట్టయింది నా బతుకు.

సంగతంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. ఒక బీడీ మూతి మడిచి కట్టలో పెట్టాక అంది.

"ఇడిసిపెడ్తవా మరి?"

"బస్సుల నుంచే పారేసిన."

"కట్ట పారేసుడు కాదు. ఇడిసిపెడ్తవా అని అడుగుతున్న."

"కాలు పోతదే!"

"కాలు పోతదని నాకు ఎర్కైంది. నీకైందా అని."

మానడమంటే ఏమిటో మానమని చెప్పేవాళ్లెవరికీ తెలియదు. ఆస్పత్రి గోడకు నల్లబడిన ఊపిరితిత్తుల బొమ్మ అంటించారు, కింద పెద్ద అక్షరాలతో 'నేడే మానండి' అని. నేను బడికి పోయింది రెండో తరగతి దాకానే. అక్షరాలు నేర్చింది చెరుకు కాంటా దగ్గర, తూకం చీటీల మీద, పల్లీలు చుట్టి ఇచ్చిన కాగితాల మీద. అందుకే ప్రతి అక్షరాన్నీ నిలబడి చదువుతాను. ఆ బొమ్మ కింద 'రేపు ఏం చేయాలి' అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని ఇటూ అటూ చూశాను. లేదు. నేడు మానితే రేపనేది ఒకటి వస్తుందని ఆ రాసినవాడికి తోచలేదు.

రేపు వచ్చింది. పొద్దున టీ గ్లాసు కుడి చేతికి రాగానే ఎడమ చెయ్యి తనంతట తానే జేబులోకి వెళ్లింది. ఖాళీ జేబులో వేళ్లు కొట్టుకున్నాయి, కుంట ఎండినప్పుడు చేపపిల్లలు కొట్టుకున్నట్టు. తిన్నాక అదే. దొడ్డికి వెళ్లాలంటే అదే. వీధిలో ఎవరో అగ్గిపుల్ల గీసిన చప్పుడైనా అదే. రొమ్ము ఎముక వెనక ఒక పసిపిల్ల ఏడుస్తూ ఉంటుంది. దానికి పాలు ఎక్కడున్నాయో నాకు తెలుసు, మూడు అడుగుల దూరంలో, చాటలో. భార్య మీద అరిచాను. కుక్క మీద చెప్పు విసిరాను. టీవీని బంద్ చేసి, మళ్లీ పెట్టి, మళ్లీ బంద్ చేశాను. ఒకనాడు మధ్యాహ్నం తల గోడకేసి కొట్టుకున్నాను. అబద్ధం చెప్పడం లేదు. సున్నం రాలింది.

"నోట్లె ఏదన్న ఏసుకో కాకా, పానం నిమ్మలమైతది," అన్నాడు వాడ మొదట్లో ఉన్న కిరాణా దుకాణమతను.

ఏసుకున్నాను. బెల్లం ముక్క. గచ్చకాయంత. నాలుక కింద పెట్టుకుంటే ఆ పసిపిల్ల కాసేపు ఊరుకునేది. బీడీ గుర్తొచ్చినప్పుడల్లా ఒక ముక్క. నాకు రోజుకు కట్టన్నర బీడీలు గుర్తొచ్చేవి. బెల్లం తరువాత పల్లీలు, పల్లీల తరువాత సకినాలు, సాయంత్రానికి మిర్చి బజ్జీలు. ఒక రకమైన ఆకలి పుట్టింది, కడుపులో కాదు, దవడల్లో. దానికి తోడు నాలుక లేచి కూర్చుంది.

"ఇయ్యాల చారుల చింతపండు ఎక్కువేసినవా?" అని అడిగాను ఒకనాడు.

"పెండ్లైనకాడికెల్లి గంతే ఏస్తున్న," అంది ఆమె. "నీకే ఇయ్యాల నాలుక మొలిసింది."

అరవై ఏళ్లు నేను పొగ పూసిన అన్నం తిన్నానన్నమాట. ఆ సంతోషానికి ఇంకో ముద్ద తిన్నాను. దుఃఖానికి మరొకటి.

ఏభై నాలుగు కిలోల మనిషిని. ఆరు నెలలు తిరిగేసరికి అరవై తొమ్మిది. అంగీ గుండీలు పట్టడం మానేశాయి. పొద్దున లేచి కూర్చోవాలంటే ముందు పొట్టను ఒక పక్కకు జరపాలి. దారిలో కలిసినవాళ్లందరికీ నేనొక వేడుక.

"ఏందే కాకా, పెండ్లికొడుకు లెక్కయినవ్!"

"చిన్నమ్మ కొంచెం సోకు చేస్కోమంటున్నదా?"

నవ్వేవాళ్లకు నా చెప్పులో వేలు కనపడదు. వేలి నలుపు పెరగలేదు గాని, పక్కన చిన్న పుండు లేచి మానకుండా కూర్చుంది.

ఇక్కడ నా వృత్తి సంగతి చెప్పాలి. నేను తూకం మనిషిని. వయసులో ఉన్నప్పుడు బోధన్‌లో చెరుకు కాంటా దగ్గర పని, ఆ తరువాత నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కాంటా దగ్గర. తూకంలో తరుగు అని ఒకటుంది. చెరుకైతే మట్టికీ ఆకుకూ ఇంత, పసుపైతే సంచికీ తడికీ ఇంత అని మొత్తంలోంచి కొట్టేస్తారు. రైతు ముఖం చూడకుండా తరుగు కొట్టడం మా పనిలో మొదటి పాఠం. నవీపేట్ దిక్కు ముసలి రైతు ఒకాయన కాంటా పక్కన నిలబడి, "నా చెమట గుడ తరుగేనా పటేలా?" అన్నాడు ఒకసారి. ఆయన పైన కండువా రంగు కూడా నాకింకా గుర్తుంది. అప్పుడు నవ్వాను.

ఇప్పుడు నా ఒంటిని నేను తూచుకోవడం మొదలైంది. మందుల దుకాణంలో మిషన్ ఎక్కి, ముల్లు చూసి, చెప్పులకు కిలో, పంచెకూ అంగీకీ కిలో, చేతికర్రకు కిలో, పొద్దున తాగిన నీళ్లకు మరో కిలో కొట్టేసేవాణ్ని.

"తాతా, చెప్పులు గంత బరువుంటయా?" అన్నాడు దుకాణం పిల్లగాడు.

"తడిసినయ్ బిడ్డా."

"ఎండకాలంల?"

మిషన్ దిగి వచ్చేశాను. నా లెక్కలో అరవై అయిదు దాటలేదు. ముల్లు ఎక్కడుంటే ఏమిటి, తరుగు నా చేతిలో ఉంది.

డాక్టరమ్మ మిషన్‌కు తరుగు లేదు. డెబ్బై అంది. నెత్తురు తీసి పరీక్ష చేయించి, కాగితం చూసి, "షుగర్ వచ్చింది," అంది.

"నేను చక్కెర ముట్టలేదమ్మా," అన్నాను. "చాయ్ గుడ తియ్యగ తాగుతలేను. వట్టి బెల్లమే."

ఆమె పెన్ను బల్ల మీద పెట్టింది.

"బెల్లం ఎంత?"

చెప్పాను. మా దిక్కు మనిషికి చక్కెర వేరు, బెల్లం వేరు. చక్కెర ఫ్యాక్టరీది, గొట్టాల్లోంచి వచ్చేది, మందులు కలిపేది. బెల్లం గానుగది, పెనంలో కాగేది, బాలింతకు పెట్టేది. బెల్లం తింటే జబ్బు చేస్తుందని ఎవరైనా అంటే వాణ్ని పైనుంచి కిందికి చూస్తాం. చెరుకు తూచి తూచి చేతులు కాయలు కాసినవాణ్ని, రెండూ ఒకే గడలోంచి కారతాయని నాకు తెలియదా? తెలుసు. తెలిసే తిన్నాను. బోధన్‌లో బందైన ఫ్యాక్టరీ నా ఒంట్లో మూడు షిఫ్టులు నడిచింది.

"బీడీ మానినాక బరువు పెరగడం మామూలే," అంది ఆమె. "కాని మీకు ఈ షుగర్‌తో పుండు మానదు. తీపి బంద్. రోజూ నడవండి."

మామూలే! నా జన్మలో ఇంత కోపం ఏ మాట మీదా రాలేదు. పొగ తాగితే కాలు పోతుంది. తాగకుంటే తిండి. తింటే ఒళ్లు, ఒళ్లుతో షుగర్, షుగర్‌తో కాలు పోతుంది. నడిస్తే పుండు రేగుతుంది, నడవకుంటే ఒళ్లు పెరుగుతుంది. ఏ దారిన పోయినా ఆ మూడు ఊళ్లకే చేరుతుంది బస్సు. ముందే ఈ మాట చెప్పకూడదా? బీడీ తీసేసుకుని చేతిలో ఏమీ పెట్టకుండా పంపారు. వీధి కుక్కకు కూడా ఎముక లాక్కుంటే ఇంకేదో వేస్తాం.

అవన్నీ అక్కడ అనలేదు. "సరే అమ్మా," అని వచ్చాను.

బెల్లం డబ్బా నా భార్య పక్కింటికి ఇచ్చేసింది. ఇప్పుడు నాకు బీడీ లేదు, బెల్లం లేదు. ఆ రెండు రోజులు నేను ఇంట్లో ఎట్లా ఉన్నానో రాయను. మూడో రోజు ఆమె చాటలోంచి తలెత్తకుండానే, "ఇగ పట్టు," అని ఒక బీడీ నా వైపు చాచింది.

చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలికగా ఉంది.

"ఉత్త ఆకు," అంది. "తంబాకు లేదు. కత్తిరించిన ఆకు పీసు నింపిన. అంటువెట్టకు, నోట్లె పెట్టుకో."

కలిసిపోకుండా వాటికి పసుపు రాసిన దారం కట్టింది. కంపెనీ దారం ఎర్రది. నాది పసుపుది. రోజుకు పది చేసి ఇచ్చేది. పెదవుల మధ్య పెట్టుకుంటే ఆకు వగరు దిగేది, చేతికి పని దొరికేది. నిజం చెప్పాలి, ఒక నెల రోజులు ఆ ఉత్త బీడీలే నన్ను బతికించాయి. బరువు రెండు కిలోలు దిగింది. తరుగు కొట్టకుండానే.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం ఆమె మంచినీళ్ల కోసం వెళ్లింది. వాన వచ్చేలా ఉంది. ముసురుకు తంబాకు వాసన బరువెక్కి ఇంట్లో నేల మీద పరుచుకుంది. నేను చాట దగ్గర ఎప్పుడు కూర్చున్నానో నాకు తెలియదు. పొయ్యి గట్టు మీద అగ్గిపెట్టె ఉంది. పెరట్లో మోరీ కాలువ పక్కన నిలబడి మొదటి దమ్ము లాగినప్పుడు కళ్ల వెంట నీళ్లు కారాయి. సిగ్గుతో అని రాస్తే బాగుంటుంది. సిగ్గు కాదు. సుఖం. వేలు సలిపింది, సలపనీ అనుకున్నాను.

కాని కట్టలో ఒకటి తక్కువైంది. ఆమె వేళ్లు లెక్క తప్పవు. నాది తూకం బుర్ర, సర్దడం తెలిసిన బుర్ర. నా ఉత్త బీడీ ఒకటి తీసి, పసుపు దారం విప్పి, ఎర్ర దారం కట్టి, కట్టలో దూర్చాను. ఇరవై అయిదుకు ఇరవై అయిదు. మర్నాడు మరొకటి. ఆ పైన రెండు. మొదట్లో కట్టకు ఒకటి చొప్పున పంచి పెట్టేంత తెలివి ఉండేది. పది రోజులయ్యేసరికి ఆ తెలివి కూడా పొగలో పోయింది. చేతికి దగ్గరగా ఉన్న కట్టలోంచే అయిదూ ఆరూ లాగేవాణ్ని. పుండు చీము పట్టింది. కట్టు నేనే కట్టుకునేవాణ్ని, ఆమెను చూడనివ్వకుండా.

ఆమెకు భుజం నొప్పి. కార్ఖానాకు బీడీల సంచి మోయడానికి ఒకనాడు నేను తోడు వెళ్లాను. కార్ఖానా అంటే పెద్దదేమీ కాదు, ఒక రేకుల గది. ఆడవాళ్లు వరసగా కూర్చుంటారు, మున్షీ ఒక్కొక్కరి కట్టలు చూసి తీసుకుంటాడు. నన్ను యార్డు రోజుల నుంచీ ఎరిగినవాడే. ఆమె కట్టలను అతను ఎప్పుడూ విప్పి చూడడు, అంత పేరు ఆమెకు. ఆరోజూ చూడకుండానే పక్కన పేరుస్తున్నాడు. ఎనిమిదో కట్ట దగ్గర చెయ్యి ఆగింది. అరచేతిలో పెట్టి పైకీ కిందికీ ఆడించాడు.

"అవ్వా, గిది జర అల్కగున్నదే, బరువు లేదు."

"ఇరవై అయిదు ఉన్నయి. లెక్కవెట్టుకో."

లెక్కపెట్టాడు. ఇరవై అయిదు.

"లెక్క సరే," అన్నాడు. మళ్లీ అరచేతిలో ఆడించాడు. అప్పుడు నా దిక్కు చూశాడు. "కాకా, నువ్వు కాంటా మనిషివి గదా. నువ్వే చెప్పు." ఆ కట్ట నా చేతిలో పెట్టాడు.

యాభై ఏళ్లు ఈ అరచెయ్యి తూచింది. సంచి మీద చెయ్యి వేసి తడి ఎంతో చెప్పిన చెయ్యి ఇది. కట్ట చేతిలో పడగానే తెలిసిపోయింది, ఏడు. ఏడు ఉత్తవి. వరసలో ఆడవాళ్లు మాటలు ఆపి చూస్తున్నారు. నేను నోరు తెరవలేదు. నేను చేశాను అని ఒక్క మాట. ముసలివాణ్ని, నన్నెవరేం చేస్తారు? అయినా నోరు రాలేదు.

మున్షీ ఒక బీడీ చించాడు. ఆకు పీచు నేల మీద రాలింది. ఇంకొకటి చించాడు.

"ఇన్నేండ్ల సంది చేస్తున్నవ్. గిదేంది అవ్వా? తంబాకు ఎటు పోయింది?"

ఆమె రాలిన పీచును చూసింది. తన చేత్తో నింపిన పీచు, గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటుంది? తరువాత నన్ను చూసింది. నా ముఖం కాదు, నా పాదం. కట్టు మీద పసుపుపచ్చగా తడి ఊరుతోంది.

"నాదే తప్పు," అంది. "కండ్లు సరిగ కనవడ్తలేవు బిడ్డా. కలిసిపొయినయి."

"కండ్లు కనవడకపోతే ఇంట్ల కూసో అవ్వా!" అన్నాడు అతను అందరూ వినేట్టు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అన్ని కట్టలూ విప్పించి ఒక్కొక్క బీడీ చూశాడు. ఆమె తలవంచుకుని నిలబడింది. జీవితమంతా ఒక్క కట్ట వాపసు తేని మనిషి.

ఇంటికి వచ్చే దారిలో ఆమె ముందు, నేను వెనక. చక్కెర ఫ్యాక్టరీ గోడ పక్కన ఆగింది.

"నీ కాలు నీదొక్కనిదే అనుకున్నవా? మోసేది నేను. రేపు మంచంల పడితే ఎత్తేది, దించేది, కడిగేది నేను. నన్ను అడగకుండ ఎట్ల అమ్ముకున్నవయ్యా దాన్ని, ఏడు బీడీలకు?"

"నేను చెప్పకపోతినే అక్కడ..."

"చెప్పకుంటివి. గది గుడ చూసిన."

ఆ తరువాత వారంలో వేలు తీసేశారు. డాక్టరమ్మ, "బీడీ తాగారా?" అని అడిగింది. భార్య నా ముఖం చూస్తూ ఊరుకుంది, ఈసారి ఆమె ఆదుకోదని అర్థమైంది. "తాగిన," అన్నాను. ఎన్ని అని అడిగింది. అది కూడా తరుగు లేకుండా చెప్పాను. పాదం ప్రస్తుతానికి ఉంది. ప్రస్తుతానికి అన్న మాట డాక్టరమ్మదే.

మానానా అని అడుగుతారు చదివినవాళ్లు. నాలుగు నెలలైంది ముట్టక. మానాను అని రాయను, ఆ మాట ఒకసారి బస్సులోంచి కట్టతో పాటే పారేశాను. పసిపిల్ల ఇప్పటికీ ఏడుస్తుంది. ఒళ్లు డెబ్బై దగ్గరే ఉంది, చెప్పులు విప్పి ఎక్కినా అంతే. తీసేసిన వేలు ఎంత తూగిందో నాకెవరూ చెప్పలేదు. నేనూ కొట్టేసుకోలేదు.

ఉత్త బీడీలు చేసి ఇవ్వడం నా భార్య మానేసింది. దానికి బదులు ఇంకో పని పెట్టింది. కార్ఖానాకు పోయే ముందు పొద్దున్నే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్కొక్క కట్టా నా అరచేతిలో పెడుతుంది.

"జోకు," అంటుంది. తూచి చెప్పు అని.

"బరువున్నది."

"మంచిగ జోకు. మల్ల నన్ను నిలవెడ్తరు ఆడ."

"ఉన్నదే. నిండుగున్నది."

రోజుకు ఇరవై కట్టలు. ఇరవై సార్లు నిండు బీడీలు నా చేతిలోకి వస్తాయి, ఇరవై సార్లు తిరిగి ఇస్తాను. ప్రతిసారీ వేళ్లు ముడుచుకుంటాయి. విప్పడానికి ఎంత బలం కావాలో హమాలీలకు కూడా తెలియదు. ఆఖరి కట్ట ఇచ్చాక అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఆమె చూస్తుంది.

"చెయ్యి కడుక్కో," అంటుంది.

కడుక్కుంటాను.